పలుగు దించే ముందు: వరదలో మునిగిన పాత ఇంటిని ఏం చేయాలి?

[తెర మీద: గోడకు నడుము ఎత్తున బురద గీత. పక్కనే విప్పి పెట్టిన టేపు.]

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోకి వచ్చాయి. ఆ రోజుల్లోనే ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీలు మునిగాయి. నీళ్లు తీశాక చాలా కుటుంబాల్లో ఒకటే చర్చ. నాన్నో తాతో కట్టిన ఇల్లు, ముప్పై నలభై ఏళ్ల నాటిది. రిపేరు చేయించాలా, పడగొట్టి కట్టుకోవాలా, అమ్మేసి వేరేచోటికి వెళ్లిపోవాలా?

ఈ వీడియోలో మేం పట్టుబట్టి చెప్పే మాట ఒక్కటే. పడగొట్టే నిర్ణయం అన్నిటికన్నా చివర తీసుకోండి. గోడలు తడిగా ఉన్నప్పుడు, ఇంట్లో అందరూ నీరసించి ఉన్నప్పుడు అసలు వద్దు. రిపేరు చేయించిన ఇంటిని రేపు పడగొట్టొచ్చు, అమ్మనూ వచ్చు. పడగొట్టిన ఇంటిని మాత్రం వెనక్కి తేలేం. దాంతోపాటు పోయే హక్కులు కూడా కొన్ని ఉన్నాయి, అవేంటో ముందుకెళ్లాక చెప్తాం.

[తెర మీద: నీళ్లు మళ్ళీ వస్తాయా?]

మొదట చూడాల్సింది ఇంటిని కాదు, నీటి దారిని. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర వరదను డైవర్షన్ కాలువలోకి మళ్ళించి కృష్ణలోకి వదులుతారు. 2024లో ఆ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. పైగా అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. నది అంత నిండుగా ఉంటే కాలువ నీరు అందులోకి దిగదు, వెనక్కి తంతుంది. ఈ రెండూ కలిసి వచ్చిన ప్రతిసారీ మీ వీధికి ప్రమాదమే. 2005లోనూ బుడమేరు ముంచింది. కాబట్టి "ఇది వందేళ్లకోసారి వచ్చేది" అని ఎవరన్నా నమ్మకండి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. గోడ మీద బురద గీత చెరిగిపోకముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గచ్చు నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. తర్వాత మేస్త్రి దగ్గరుండే నీళ్ల లెవెల్ పైపుతో, గచ్చు కన్నా రోడ్డు ఎంత ఎత్తుందో చూడండి. పాత కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నారు. గచ్చు మీద నీళ్లు రెండడుగుల్లోపే నిలిచి ఉంటే, ఇంటిని ఎత్తు చేయడంతో సమస్య తీరొచ్చు. ఆరేడు అడుగులు నిలిచి ఉంటే ఎంత ఎత్తు లేపినా చాలదు. అక్కడ ఉండాలంటే కింద స్టిల్టు, అంటే పిల్లర్లు మాత్రమే ఉండే ఖాళీ అంతస్తు, వదిలి పైన కట్టుకోవాలి, లేదంటే ఆ చోటు వదులుకోవాలి. స్టిల్టు అనుకుంటే, డెబ్బై దాటిన అమ్మ రోజూ ఆ మెట్లు ఎక్కగలదా అన్నది ప్లాను గీయకముందే అడగండి.

[తెర మీద: గోడ అడుగున పెచ్చు తీసిన చదరం. తాళంచెవితో గీకుతున్న చేయి.]

ఇప్పుడు ఇంటి సంగతి. గచ్చుకు అరడుగు ఎత్తున, ఎవరికీ కనపడని మూల, అడుగు చదరంలో ప్లాస్టరింగ్ కొట్టించండి. లోపల ఇటుకకీ ఇటుకకీ మధ్య ఉన్న సందులో తాళంచెవి పెట్టి గీకండి. మూడు రకాలుగా ఉండొచ్చు. బూడిద రంగులో గట్టిగా ఉండి తాళంచెవికి లొంగకపోతే సిమెంటు కట్టుబడి. తెల్లటి రేణువులతో, గీకితే కొద్దిగా పొడి రాలితే సున్నం. ఎర్రగానో నల్లగానో ఉండి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోతే అది మట్టి అడుసు.

మట్టి అడుసుతో కట్టిన గోడ రోజుల తరబడి నానితే దాని పట్టు పోతుంది. ఆరాక పైకి గట్టిగానే కనిపిస్తుంది కానీ కింది వరసలు కుంగి ఉంటాయి. అలాంటి గోడ మీద కొత్త స్లాబో ఇంకో అంతస్తో వేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. సున్నం గోడ తీరు వేరు, అది చాలాసార్లు నిలబడుతుంది. అయితే దానికి సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటుకను తినేస్తుంది. మళ్ళీ సున్నంతోనే చేయించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే, అయినా వెతికి పట్టుకోండి.

తర్వాత పగుళ్లు. స్లాబు గోడ మీద కూర్చునే చోట అడ్డంగా వెంట్రుకవాసి గీత ఉంటే అది ఎండకి వచ్చింది, భయపడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఇటుక సందుల వెంట మెట్లు మెట్లుగా దిగిన పగులుంటే పునాది కదిలిందని అనుమానించాలి. ఆ పగులు పైన వెడల్పై కింద సన్నబడితే గోడ చివర కుంగుతోంది. కింద వెడల్పై పైన సన్నగా ఉంటే గోడ మధ్య భాగం కుంగుతోంది. ఈ తేడా ఇంజినీరుకు ముందే చెప్పగలిగితే ఎక్కడ తవ్వి చూడాలో ఆయనకు సగం తెలిసినట్టే.

కదలిక ఆగిందా లేదా అన్నది గాజు ముక్కతో తెలుసుకోవచ్చు. అద్దాల షాపులో సన్నటి గాజును నాలుగంగుళాల పొడవు, అంగుళం వెడల్పు పట్టీలుగా కోయించండి. పగులుకు అటూ ఇటూ రంగూ ప్లాస్టరింగూ తీసేసి, ఇటుక మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో రెండు చివరలూ అంటించండి. పక్కన తారీఖు రాయండి. గాజు విరిగిందంటే గోడ ఇంకా కదులుతోంది. రంగు మీద అంటిస్తే రంగు ఊడుతుంది కానీ గాజు విరగదు, అంతా బాగుందనుకుని మోసపోతాం.

కృష్ణా, గుంటూరు నేలల్లో నల్లరేగడి ఎక్కువ, ఖమ్మంలోనూ కొన్నిచోట్ల ఉంది. అది నానితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వరద తీసిన నెలలో సన్నగా ఉన్న పగులు ఏప్రిల్‌లో వేలు పట్టేంత కావొచ్చు. అందుకే పగుళ్లు పూడ్చే పని ఒక ఎండాకాలం దాటాకే. ఈలోగా గోడ పైనుంచి తూకం గుండు వేలాడదీసి చూడండి. పదడుగుల ఎత్తు గోడ అంగుళం మించి వాలి ఉంటే ఆ గదిలో పడుకోవడం ఆపి, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. మేస్త్రి, కాంట్రాక్టరు ఇచ్చే సలహా వాళ్లకు వచ్చే పనిని బట్టి ఉంటుంది. ఇంజినీరుకు ఫీజు ఇచ్చి, సంతకంతో రిపోర్టు రాయించుకోండి. స్లాబు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష, అవసరమనుకుంటే కోర్ (స్లాబు నుంచి గుండ్రటి ముక్క) తీసి పరీక్ష చేయమని అడగండి.

ఆరిందో లేదో చూడకుండా రంగులు వేయించడం మేం ఎక్కువగా చూసే పొరపాటు. తొమ్మిదంగుళాల గోడ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు చెమట పట్టిందంటే ఇంకా ఆరలేదు. బురద గీతకు అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ కొట్టేసి వదిలేస్తే త్వరగా ఆరుతుంది, చూడ్డానికి బాగుండదంతే. మునిగిన ఎంసీబీలు (మీటరు బోర్డులోని ట్రిప్పు స్విచ్చులు), మామూలు స్విచ్చులు తుడిచి వాడొద్దు, మార్చేయండి. పైపుల్లోని వైర్ల నుంచి కరెంటు లీకవుతోందేమో చూసే మెగ్గర్ పరీక్ష చేయించాకే కరెంటు ఇవ్వాలి.

పునాది ఒక మూల మాత్రమే కుంగితే దాని కింద కాంక్రీటు పెట్టి ఆపొచ్చు. మూడు నాలుగడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వాలి. మొదటి ముక్క గట్టిపడ్డాకే పక్కది. పని త్వరగా అవుతుందని గోడ పొడవునా ఒకేసారి తవ్వారంటే గోడ కూర్చుండిపోతుంది.

ఇంటిని ఎత్తు చేయడానికి జాకీల పద్ధతి ఉంది. గోడల అడుగున ఇనుప చానళ్లు దూర్చి, వాటి కింద వరసగా స్క్రూ జాకీలు పెట్టి, అన్నిటినీ ఒకేసారి కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంటిని మూడు నాలుగడుగులు లేపుతారు. తర్వాత కింద ఇటుక కట్టుబడి. మట్టి అడుసు గోడలకిది పనికిరాదు. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే కుదరదు. పిల్లర్ల మీద కట్టిన ఇంటికైతే పిల్లర్లు కోయాలి, అది ఇంకా పెద్ద ప్రమాదం. ఒప్పందంలో మెట్లు, బాత్రూమ్ పైపులు, సెప్టిక్ ట్యాంకు కనెక్షన్, కొత్త గచ్చు ఎవరి ఖర్చో రాయించండి. చెప్పిన రేటులో ఇవి సాధారణంగా ఉండవు.

[తెర మీద: పాత దస్తావేజు, హద్దుల పేరా.]

ఇల్లు ఎవరిది? తెలిసిన విషయమే అనిపిస్తుంది కానీ సగం ఇళ్ల పని ఇక్కడే ఆగుతుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్న వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితమైన ఇంట్లో అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు, నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా. పెళ్లయిన అక్కచెల్లెళ్లకూ అంతే. "నాకేం వద్దులే అన్నయ్యా, నువ్వే కట్టుకో" అని చెల్లి మనస్ఫూర్తిగా అన్నా, ఆ మాట కాగితం మీదికి రాలేదంటే వాటా ఆమెదే. రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు గానీ, భాగ పంపకాల దస్తావేజు గానీ కావాలి. ఇది అనుమానంతో చేసే పని కాదు. అన్నయ్య అరవై లక్షలు పెట్టి కట్టాక మాట వస్తే అన్నాచెల్లెళ్లిద్దరూ నలిగిపోతారు.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), ఇంటిపన్ను రసీదు ముందు పోగు చేయండి. చనిపోయిన తమ్ముడి పిల్లలు మైనర్లయితే వాళ్ల వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇండియా చేరిన 3 నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది కొరియర్ కవరు బీరువాలో పెట్టి ఈ గడువు దాటబెడతారు.

[తెర మీద: పాత ఇంటి గీత. దాని లోపల ఎర్ర గీతతో చిన్నగా కొత్త ప్లాను.]

పడగొడితే పోయే హక్కులన్నాం కదా, ఇవే. పాత ఇళ్లు చాలావరకు హద్దు గోడకు ఆనుకుని కట్టినవి. పడగొట్టి కొత్త ప్లానుకు దరఖాస్తు పెడితే ఇవాళ్టి సెట్‌బ్యాక్‌లు, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీలు, వర్తిస్తాయి. మాస్టర్ ప్లానులో రోడ్డును వెడల్పు చేస్తారని ఉంటే ఆ మేరకు స్థలం వదలాలి. వంద గజాల స్థలంలో ఈ కోతలు పోగా మిగిలేది పాత ఇంటికన్నా చిన్నదే కావొచ్చు. వాగూ చెరువూ దగ్గరైతే అసలు అనుమతే రాకపోవచ్చు. తెలంగాణ నిర్మాణ నిబంధనల్లో నది హద్దు నుంచి మున్సిపాలిటీ లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు బఫర్, అంటే కట్టడాలకు అనుమతి లేని జాగా. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. కాబట్టి లైసెన్సుడ్ ఆర్కిటెక్టుతో ప్లాను గీయించి, అనుమతి చేతికి వచ్చాకే పలుగు దించండి. ముందు పడగొట్టి తర్వాత అనుమతి రాకపోతే ఇల్లూ ఉండదు, కట్టుకునే దారీ ఉండదు.

డబ్బు లెక్క. రిపేరు ఖర్చు కొత్త ఇంటి ఖర్చులో సగం దాటితే కొత్తది ఆలోచించడం న్యాయం, ఎందుకంటే మిగతా సగం పాత ఇల్లు పాతగానే ఉంటుంది. కొత్త ఇంటి ఖర్చులో ఏడాదికి పైగా కట్టే అద్దె, కూల్చివేత, అనుమతి ఫీజులు, కొత్త బోరు కూడా కలపండి. 2024లో ప్రభుత్వం విజయవాడలో మునిగిన ఇళ్లకు నేల అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించింది. అది తక్షణ సాయం, దాన్ని నమ్ముకుని రిపేరు లెక్క వేయలేం. ఇంటి బీమాలో 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ వరదను కవర్ చేస్తుంది. అందులో లెక్కకు వచ్చేది స్థలం ధర కాదు, తిరిగి కట్టే ఖర్చు.

అమ్మేద్దామంటే, వచ్చిన లాభాన్ని రెండేళ్లలో ఇంకో ఇల్లు కొనడానికో మూడేళ్లలో కట్టుకోవడానికో పెడితే పన్ను మినహాయింపు ఉంది. స్థలాన్ని డెవలప్‌మెంటుకు, అంటే బిల్డరుకిచ్చి బదులుగా ఫ్లాట్లు తీసుకునేలా, ఇచ్చేవాళ్లకు ఒక జాగ్రత్త. 500 చదరపు మీటర్లు మించని స్థలమైనా, 8 ఫ్లాట్లు మించని కట్టడమైనా రెరా (బిల్డర్లను నియంత్రించే చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పాత ఇళ్ల స్థలాలు ఎక్కువగా ఈ కొలతలోపే. అంటే గడువు, ఆలస్యమైతే అద్దె, మీకొచ్చే ఫ్లాట్ల నంబర్లు అన్నీ ఒప్పందంలోనే గట్టిగా రాసుకోవాలి.

ఏదీ తేల్చుకోలేక తాళం వేసి వెళ్లేవాళ్లున్నారు. తప్పేం లేదు, కానీ నెలకోసారైనా ఎవరో ఒకరు తలుపులు తెరవాలి, డాబా మీది నీటి గొట్టాలు శుభ్రం చేయాలి. పిట్టగోడ పగుల్లో మొలిచిన రావి మొక్కను వేలెడంత ఉన్నప్పుడే వేరుతో సహా తీయాలి. రెండు వానాకాలాలు వదిలేస్తే ఆ వేరు గోడను చీల్చేస్తుంది.

పడగొట్టడమే ఖాయమైతే టేకు గుమ్మాలు, దూలాలు, ఇనుప ఊచలు, కడప బండలు లెక్క రాసి విడిగా ధర కట్టించండి. కూల్చే కాంట్రాక్టరు వాటి విలువను మాటల్లో కలిపేసి "ఉచితంగా పడగొడతా" అంటాడు. మంచి టేకు ఉన్న ఇంటికైతే అతనే మీకు ఎదురు డబ్బివ్వాలి. అమ్మ ఏ గుమ్మం ఉంచమంటుందో అడిగి, దాన్ని ముందే తీయించి పక్కన పెట్టండి. కొత్త ఇంటి పూజగదికి సరిపోయేలా ఆర్కిటెక్టుకు ఆ కొలతలు ఇవ్వండి. కరెంటు మీటరు, కొళాయి కనెక్షన్ తీయించిన కాగితాలు, నాలుగు హద్దుల ఫొటోలు దాచుకోండి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే, దాన్ని ఎవరు నిలబెట్టి ప్లాస్టరింగ్ చేయించాలో పని మొదలయ్యేలోపు రాతపూర్వకంగా తేల్చుకోండి.