చిన్న కెరటాల ఊరివాడు

(అమలాపురం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: నమస్కారమండీ. ఈరోజు చర్చ కెల్లీ స్లేటర్ గురించి. సర్ఫింగ్‌లో, అంటే బోర్డు మీద నిలబడి కెరటాలపై జారే ఆటలో, 11 సార్లు ప్రపంచ ఛాంపియన్. కోనసీమకీ సర్ఫింగ్‌కీ ఏం సంబంధమని మా ప్రొడ్యూసరే అడిగాడు. కోచ్ గారూ, మీరే చెప్పాలి.

ఈత కోచ్: ఆయన పుట్టిన ఊరు చూస్తే తెలుస్తుందండి. ఫ్లోరిడాలో కోకో బీచ్, 1972. మన ఓడలరేవులాగే ఇసుక తీరం. కెరటాలు కూడా పెద్దవేం కావు. పెద్ద కెరటమైతే అదే మనిషిని తోసుకుపోతుంది. చిన్నదానికి ఊపుండదు, మోకాళ్లతో, నడుముతో మనమే పుట్టించుకోవాలి. ఆ పిసినారి కెరటాల మీద నేర్చిన పనితనంతో 1992లో, 20 ఏళ్లకే టైటిల్ కొట్టాడు. మగవాళ్లలో అంత చిన్న వయసులో ఎవరూ కొట్టలేదు. 39 ఏళ్లకి, 2011లో, పదకొండోది. అంత పెద్ద వయసులోనూ ఇంకెవరూ లేరు.

రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్: ఆ పదకొండోదాని కథ చెప్పండి, భలే ఉంటుంది.

కోచ్: (నవ్వుతూ) శాన్‌ఫ్రాన్సిస్కోలో పోటీ. టైటిల్ ఖాయమని ప్రకటించేశారు, సంబరాలూ అయిపోయాయి. తీరా చూస్తే పాయింట్ల కూడిక తప్పు! ఇంకో హీట్, అంటే పోటీలో ఒక విడత, గెలవాలన్నారు. కొద్ది రోజులకే మళ్లీ నీళ్లలో దిగి, గెలిచి తీసుకున్నాడు.

మత్స్యకారుడు (అంతర్వేది): ఒకటి అడగనా బాబూ? బోటు దింపేముందు మేం ఒడ్డున నిలబడి కెరటాలు చూస్తాం. పెద్దవి గుంపుగా వస్తాయి. అవి పోయాక కాస్త తెరిపి దొరుకుద్ది, అప్పుడు దాటేస్తాం. ఆయనేం చూస్తాడు?

కోచ్: అదే చూస్తాడు, కాకపోతే తలకిందులుగా. మీకు తెరిపి కావాలి, ఆయనకి గుంపు కావాలి. హీట్‌లో ఎన్ని కెరటాలెక్కినా, మార్కులు బాగా వచ్చిన రెండే లెక్కలోకి వస్తాయి. ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ 10 మార్కులు. తాహితిలో 2005 ఫైనల్లో 20కి 20 తెచ్చుకున్నాడు. వచ్చిన ప్రతిదీ ఎక్కేసేవాడికి అది రాదు. వదిలేయడం తెలియాలి.

మత్స్యకారుడు: అదీ మాట. ఒడ్డుకొచ్చేటప్పుడు తొందరపడ్డవాడి బోటే తిరగబడుద్ది.

లెక్చరర్: గెలుపులే చెబుతున్నారు మీరు. 1998 తర్వాత ఆయన పోటీలకి దూరమయ్యాడు. 2002లో తిరిగొస్తే ఆండీ ఐరన్స్ అనే సర్ఫర్ వరుసగా మూడేళ్లు టైటిల్ పట్టుకుపోయాడు. ఆ దెబ్బలే స్లేటర్‌ని మళ్లీ తయారు చేశాయని నా నమ్మకం. ఆ తర్వాతేగా ఇంకో ఐదు టైటిళ్లు!

కోచ్: ఒప్పుకుంటాను. హవాయిలో పైప్‌లైన్ అనే కెరటాల చోటు కూడా చూడండి. నీళ్లు లోతుండవు, అడుగున రాయి. పడితే ఒళ్లు చీరుకుపోతుంది. అక్కడ మొదటిసారి 1992లో గెలిచాడు. మళ్లీ 2022 ఫిబ్రవరిలో, యాభయ్యో పుట్టినరోజుకి ఆరు రోజుల ముందు! ఎనిమిదోసారి.

యాంకర్: ఆయన్ని చూసి మిగతావాళ్లు ఏం మారారు?

కోచ్: తొంభైల్లో ఆయన సన్నటి, పల్చటి బోర్డులు వాడాడు. అందరూ అవే కొన్నారు. ఒళ్లున్నవాళ్లు మునిగారు, అది వేరే సంగతి. (నవ్వులు)

లెక్చరర్: నాకు మాత్రం అసలు విషయం కాలిఫోర్నియాలోని లెమూర్. పొలాల మధ్య ఊరు, సముద్రం ఎక్కడో దూరాన. అక్కడ స్లేటర్ కట్టించిన కొలనులో నీటి కింద పెద్ద రెక్కని పట్టాల వెంట లాగి కెరటం పుట్టించారు. 2015లో లోకానికి చూపించారు. ప్రతిసారీ అచ్చం ఒకేలాంటి కెరటం.

మత్స్యకారుడు: ఒకేలాంటిదా? ఇంక చూసేదేముంది!

లెక్చరర్: నేర్చుకునేవాడికి అదే కావాలండి. అందరికీ ఒకే ప్రశ్నపత్రం.

మత్స్యకారుడు: మీకు పరీక్షే కనబడుద్ది మాస్టారూ. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదారి సముద్రంలో కలిసేచోట నిలబడండి. పొద్దున చూసిన నీరు మధ్యాహ్నానికి ఉండదు.

కోచ్: నేనీయన వైపే. కొలను బోర్డు తిప్పడం నేర్పుతుంది, కాచుకోవడం నేర్పదు. ఆ కొలను కట్టించినవాడు కూడా సముద్రంలోనే కదా నేర్చింది!

యాంకర్: టైమ్ దగ్గరపడింది...

మత్స్యకారుడు: ఒక్క మాట. మా మనవడు పాత చెక్క పట్టుకుని కెరటాల్లో దిగుతున్నాడు. మీ దగ్గరికి పంపనా?

కోచ్: ఈత వచ్చా?

మత్స్యకారుడు: గోదారి పిల్లాడండీ!

కోచ్: ఆ ఈత వేరు, సముద్రం ఈత వేరు. నది కలిసేచోట అసలు దిగనివ్వకండి, లోపలికి లాగేస్తుంది. ఆదివారం తీసుకురండి. చెక్క ఇంట్లోనే ఉంచి రమ్మనండి.