మందారం మీద చీమలబారు

అందరికీ నమస్కారం.

మన రాయగడలో మందారం లేని పెరడు వెతికితే గానీ దొరకదు. ఒడియావారూ దాన్ని మందారమే అంటారు; నందివర్ధనం మాత్రం వారికి టగర. పిండి చల్లినట్టు తెల్లగా కొమ్మలకు పట్టే పురుగు, పిండినల్లికి ఏ పేరైనా ఒకటే.

నేను మెట్లెక్కి వస్తుంటే ఇద్దరు ఆపి, ‘ఏ మందు కొట్టాలండీ?’ అని అడిగారు. మందు సంగతి తరువాత. ముందు మీ మందారం మొదట్లో చీమలబారు ఉందేమో చూడండి. చీమ ఆకు తినడానికి ఎక్కదు. పిండినల్లి చెట్టు రసం పీల్చి, మిగిలిన తీపినీటిని విసర్జిస్తుంది. చీమకు కావలసింది అదే. పాడిపశువును కాచినట్టు నల్లిని కాస్తుంది; దాన్ని తినడానికి వచ్చే పురుగులను తరిమేస్తుంది. ఆ తీపి కింది ఆకుల మీద పడితే మసి తెగులు పడుతుంది. ఆ మసి ఆకులోకి దిగదు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. దానికోసం తెగుళ్ల మందు కొనడం దండగ.

నల్లి పట్టిన మందారం చిగురు ముడుచుకుని గుత్తిలా అయిపోతుంది. చాలామంది అది వైరస్ అనుకుని చెట్టునే పీకేస్తారు. అంత అవసరం లేదు. ముడుచుకున్న చిగుళ్లను కత్తిరించి, సంచిలో మూట కట్టి పారేయండి. చెట్టు కిందే వదిలితే నల్లి మళ్లీ ఎక్కుతుంది. గోడకు తగిలే కొమ్మలు తీసేయండి, అవి చీమలకు వంతెనలు. కాండానికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీద గ్రీజు పూయండి. బెరడుకు నేరుగా పూయవద్దు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. ఒక వేసవిలో మా మందారం కొమ్మ నిండా తెల్లటి కుచ్చుల పురుగులు కనిపించాయి. పెద్ద నల్లి అనుకుని గంటసేపు కూర్చుని చీపురుపుల్లతో ఒక్కొక్కటే నలిపాను. చివర్లో ఒకటి పుల్ల తగలగానే చరచరా పరుగెత్తింది. పిండినల్లికి అంత పరుగు ఎక్కడిది? అది అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్ల. నల్లిని తినడానికి నల్లి వేషంలో తిరుగుతోంది. ఆస్ట్రేలియా నుంచి 1898లో కాఫీ తోటల పురుగుల మీదికి మన దేశానికి తెచ్చిన జాతిలో పిల్లలు ఇలాగే ఉంటాయి. తెల్లగా ఉందని చంపకండి. పుల్లతో తాకండి, పరుగెత్తితే వదిలేయండి.

ఇప్పుడు మందు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె. ముందు నూనెను కాస్త సబ్బునీటితో చిలికి, తరువాత నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైకి తేలుతుంది. సాయంత్రం పూట, ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. ముందు ఒక కొమ్మ మీద కొట్టి మర్నాడు చూడండి. ఘాటైన మందులు కొడితే నల్లి కంటే ముందు అక్షింతల పురుగు చస్తుంది. ఆపైన నల్లికి అడ్డు ఉండదు.

గులాబీకి నల్లమచ్చ వస్తే మీరు నీళ్లు పోసే వేళను అనుమానించండి. ఆకు సుమారు 7 గంటలు తడిగా ఉంటే ఆ బూజు లోపలికి దిగుతుంది. ఉదయం పూట, మొదట్లోనే పోయండి. రాలిన ఆకులు ఏరేయండి.

నూరువరహాల ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కితే చాలామట్టుకు అది తెగులు కాదు. కొత్తగా కట్టిన ప్రహరీ పక్కన పాతి ఉంటారు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఇనుము ఉన్నా ఆ మొక్క తీసుకోలేదు. చోటు మార్చండి, లేదా ఆ మట్టి తీసి ఆకుల ఎరువు నింపండి. ఎన్ని మందులు కొట్టినా సిమెంటు పోదు కదా.

నందివర్ధనం, గన్నేరు ఆకులను రాత్రికి రాత్రే బోడి చేసే లావుపాటి ఆకుపచ్చ గొంగళిపురుగు ఉంది. తల దగ్గర కళ్లలాంటి నీలిమచ్చలు చూసి పిల్లలు జడుసుకుంటారు. అది కరవదు, చేత్తో తీసేయవచ్చు. భయపడవలసింది గన్నేరుకే. దాని కొమ్మలు కత్తిరిస్తే చేతులు కడుక్కోండి. చలిమంటలో వేయకండి, పొగ కూడా విషమే.

జబ్బు పడిన కొమ్మలు తెచ్చినవారు వెనుక బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కటే చూద్దాం. సంచులు మాత్రం అప్పటిదాకా విప్పకండి. ఈ వేదిక ముందున్న మందారం కుండీలు మనవి కావు, అడిగి తెచ్చినవి.