మన ఊరికి ప్రపంచ కప్పు వస్తోంది, రహీం సాబ్‌ని కూడా పిలుద్దాం

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, పొద్దున్నే లేచి వంటలు చేసి తెచ్చిన అమ్మలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్ళకి అందరికీ నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి బాబూ, వచ్చి కూర్చోండి. ఏ తెలుగు సభకి వెళ్ళినా ముందు రెండు వరసలు ఖాళీగానే ఉంటాయి. ఎవరికోసం అట్టిపెడతారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నాకిచ్చిన అంశం "ప్రపంచ కప్పు ఫుట్‌బాల్, మన డల్లాస్ ఏర్పాట్లు". ఇరవై నిమిషాలు అన్నారు. కార్యదర్శిగారి అబ్బాయీ మా మనవడూ ఒకే జట్టులో ఆడతారు. శనివారం పొద్దున పార్కులో మడత కుర్చీలేసుకుని కూర్చున్నప్పుడు పాపం ఆయన నాకు చాలాసార్లు దొరికిపోయారు. ఆ విసుగు పడలేకో ఏమో, "అంకుల్, ఇవన్నీ స్టేజీ మీద చెప్పండి" అన్నారు. చెబుతాను. ముందు ఏర్పాట్ల సంగతి చెప్పేసి, తర్వాత నా గొడవకి వస్తాను.

టోర్నమెంటు 2026 జూన్ 11న మెక్సికో సిటీలో మొదలవుతుంది. మూడు దేశాలు, 16 ఊళ్ళు, 48 జట్లు, 104 ఆటలు. అందులో 9 మనకి వచ్చాయి. ఇంకే ఊరికీ ఇన్ని ఇవ్వలేదు. జూన్ 14న నెదర్లాండ్స్, జపాన్. 17న ఇంగ్లండ్, క్రొయేషియా. 22న అర్జెంటీనా, ఆస్ట్రియా. 25న మళ్ళీ జపాన్. 27న మళ్ళీ అర్జెంటీనా, ఈసారి జోర్డాన్‌తో. ఆపైన నాకౌట్ ఆటలు, జులై 14న సెమీఫైనల్. చప్పట్లు అర్జెంటీనా పేరుకే పడ్డాయి, గమనించాను.

మన ఊరు అంటున్నాను గానీ ఆటలు జరిగేది ఆర్లింగ్టన్‌లో. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఆడే ఏటీ అండ్ టీ స్టేడియం అది. ఫిఫా వాళ్ళు తమ స్పాన్సర్లు కాని కంపెనీల పేర్లు కనబడనివ్వరు కాబట్టి, ఆ నెలరోజులూ దాని పేరు "డల్లాస్ స్టేడియం". పెళ్ళి ఆర్లింగ్టన్ వాళ్ళింట్లో, శుభలేఖ మీద పేరు మాత్రం పక్కింటివాళ్ళది. ఆర్లింగ్టన్ వాళ్ళు గింజుకుంటున్నారంటే గింజుకోరా మరి?

అన్నిటికన్నా పెద్ద తంటా అక్కడికి చేరడం. ఆర్లింగ్టన్‌లో రైలు లేదు, మన సిటీ బస్సులాగా వేళకి తిరిగే బస్సూ లేదు. అంత పెద్ద ఊరికి బస్సు లేదంటే హైదరాబాద్‌లో మా చెల్లెలు ఇప్పటికీ నమ్మదు. అందుకని ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్‌లో సెంటర్‌పోర్ట్ స్టేషన్ దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణించి బస్సుల్లో స్టేడియానికి చేరవేస్తారట. ఇర్వింగ్‌లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, ఆ రైలు మీ ఊళ్ళోంచే పోతుంది. ఫ్రిస్కో, ప్లేనో వాళ్ళు ఇప్పటినుంచే దారి చూసి పెట్టుకోండి. పార్కింగ్ ధర నేనిక్కడ చెప్పను. భోజనాల ముందు చెప్పే మాట కాదది.

గడ్డి సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఆ స్టేడియంలో ఉండేది ప్లాస్టిక్ గడ్డి. ప్రపంచ కప్పు ఆడాలంటే నిజం గడ్డే కావాలి. పైగా అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం సన్నం, మన ఆటకి 68 మీటర్ల వెడల్పు ఉండాలి. మూలల్లో కుర్చీలు అడ్డొస్తాయి. కాబట్టి నేలని ఎత్తు లేపి, వేరే చోట పెంచిన గడ్డిని చుట్టలుగా చుట్టి తెచ్చి పైన పరుస్తారు. పైకప్పు కింద ఎండ ఆనదు, దీపాలు పెట్టి బతికించాలి. ఎంత లోతు ఇసక వెయ్యాలి, ఏ రకం గడ్డి నిలుస్తుంది, బంతి ఎంత ఎత్తు లేస్తుంది, ఇవన్నీ తేల్చడానికి టెనెసీ, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీల వాళ్ళు ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు.

నేను చిన్నప్పుడు చూసిన ఆటలో సగానికి సగం మట్టి మీదే. సికింద్రాబాద్‌లో జాగా ఎక్కడుంటే అక్కడ రెండు ఇటుకలు పెడితే గోలు. కింద పడితే మోకాలు చెక్కుకుపోయేది, అమ్మ పసుపు అద్దేది, సాయంత్రం మళ్ళీ అక్కడే. కాబట్టి గడ్డికి దీపాలు పెడుతున్నారంటే నాకు వింతగానే ఉంటుంది. తప్పు అనను. ఆట అంటే అంత శ్రద్ధ ఉండాల్సిందే.

ఈ ఊరికి ప్రపంచ కప్పు కొత్త కాదు. 1994లో ఫెయిర్ పార్కులోని కాటన్ బౌల్‌లో ఆరు ఆటలు జరిగాయి. పైకప్పు లేదు, టెక్సస్ ఎండ. జర్మనీ 3-2తో కొరియాని గెలిచింది ఆ ఎండలోనే. బ్రెజిల్, నెదర్లాండ్స్ క్వార్టర్ ఫైనల్ కూడా అక్కడే. గోల్ కొట్టి బెబెటో చేతుల్లో పసిబిడ్డని ఊపుతున్నట్టు చూపించాడే, అది ఇక్కడే, మన ఇళ్ళకి అరగంట దూరంలో. అప్పుడు నేను హైదరాబాద్‌లో టీవీ ముందున్నాను. ఈసారి కూడా ఫెయిర్ పార్కులో పెద్ద తెరలు పెట్టి ఉత్సవం చేస్తున్నారు. స్టేడియం టికెట్టు కొనలేనివాళ్ళు, అంటే మనలో చాలామందిమి, అక్కడికి వెళ్ళొచ్చు. ప్రపంచం మొత్తానికి ప్రసారాలు పంపే కేంద్రం కూడా డల్లాస్ కన్వెన్షన్ సెంటర్‌లోనే.

ఏర్పాట్లు అయిపోయాయి. ఇక నా గొడవ.

మొన్నొక శనివారం మా మనవడు ఆట నుంచి మూతి ముడుచుకుని వచ్చాడు. "ఏమైందిరా" అంటే, "తాతా, ఇవాళ కోచ్ కుడికాలితో బంతి ముట్టుకోనివ్వలేదు. గంటసేపూ ఎడమకాలే" అన్నాడు. వాడి ఎడమకాలితో తంతే బంతి ఎటు పోతుందో వాడికే తెలియదు. వాడేమో ఏడుపు మొహంతో ఉన్నాడు, నాకేమో నవ్వాగలేదు. ఎందుకంటే ఆ ఎడమకాలి ఆట మాది! హైదరాబాద్‌ది! డెబ్భై ఏళ్ళ కిందట అక్కడి ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పిల్లలకి బలంలేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు పెట్టేవారు. బంతిని కాలి దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలని ఇంకో రకం పోటీలు. మా వాడి కోచ్ బ్రెజిల్ నుంచి వచ్చినాయన. ఆయనకి రహీం సాబ్ పేరు తెలియాల్సిన పని లేదు. మీకు తెలియాలి కదా?

చేతులెత్తండి. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఎంతమందికి తెలుసు? ... సరే. ఆయన మీద "మైదాన్" సినిమా వచ్చాక తెలిసినవాళ్ళు చేతులు దించండి. ... చూశారా.

వృత్తికి పంతులు ఆయన. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది ఆ జట్టు. కలకత్తా జట్లంటే దేశమంతా హడలే రోజుల్లో, 1950 డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌ని ఓడించింది. మా నాన్న రైల్వేలో గుమాస్తా. సిటీ పోలీసు ఆట ఉందంటే ఆఫీసులో కడుపునొప్పి అని చెప్పి ఫతే మైదానానికి సైకిలు తొక్కేవాడట. ఇప్పుడు దాన్నే ఎల్బీ స్టేడియం అంటున్నాం.

ఇండియా జట్టుకీ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో కొట్టారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కి చేరిన మొదటి ఆసియా జట్టు మనది. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు ఒకరా ఇద్దరా? నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం.

ఇక 1962 జకార్తా. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే ఇంటికి పంపేసేవారు. రహీం సాబ్ అతన్ని ముందుకి తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు. కుట్లున్న తలతో సెమీస్‌లో గోల్ వేశాడు, ఫైనల్లో కొరియా మీదా వేశాడు. 2-1, స్వర్ణం. అప్పటికే రహీం సాబ్‌కి కాన్సర్. తర్వాతి జూన్‌లో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి స్వర్ణం మళ్ళీ రాలేదు. 1970లో కంచు వచ్చింది, ఆ జట్టు కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదే.

ఒకసారి ఇదంతా చెబుతుంటే ఒక పెద్దమనిషి అడిగారు, "వీళ్ళలో తెలుగువాళ్ళెవరండీ?" అని. బలరాం ఇంట్లో తమిళం, మన ఊరి ఇంకో ఆటగాడు హబీబ్ ఇంట్లో ఉర్దూ. అయితే ఏమిటి? మన మట్టిలో ఆడినవాళ్ళు, మన కాలవల నీళ్ళు తాగినవాళ్ళు. మెస్సీ మన చొక్కా మీదకి ఎక్కడానికి భాష అడ్డం రాలేదు, హబీబ్ దగ్గరికొచ్చేసరికి అడ్డమొచ్చిందా? క్షమించాలి, గొంతు కాస్త పెరిగింది.

హబీబ్ పేరెత్తాను కాబట్టి ఇదొక్కటీ చెప్పి తీరాలి. 1977 సెప్టెంబర్ 24. ఈడెన్ గార్డెన్స్‌కి న్యూయార్క్ కాస్మోస్ జట్టు వచ్చింది. అంటే ఈ దేశపు క్లబ్బే. అందులో పీలే ఉన్నాడు. ఎదురుగా మోహన్ బగాన్. ఆట 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ వేసిన రెండు గోల్స్‌లో ఒకటి మన మహమ్మద్ హబీబ్‌ది. పీలే ఉన్న జట్టు మీద హైదరాబాద్ కుర్రాడు గోల్ కొట్టాడని పేపర్లో చదివి మా గల్లీ గల్లీ ఊగిపోయింది. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పోయారు. మన వాట్సాప్ గుంపుల్లో ఆ రోజంతా జెండాల బొమ్మలే. ఆ కబురు పెట్టినవాళ్ళు నాకు కనబడలేదు.

కార్యదర్శిగారు చీటీ పంపారు. ఐదు నిమిషాలట. సరే బాబూ.

ఇప్పుడు హైదరాబాద్ పరిస్థితి ఏమిటంటే, 2022లో ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ జట్టు మూడేళ్ళు తిరిగేసరికి మూటా ముల్లె సర్దుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. అప్పులన్నారు, స్టేడియం అన్నారు, జనం రాలేదన్నారు. నేను ఆడిన జాగాల్లో ఇవాళ బిల్డింగులున్నాయి. ఊరు ఒకప్పుడు గొప్పగా ఆడింది కాబట్టి ఎప్పటికీ ఆడుతూనే ఉంటుందన్న హామీ లేదు. పిల్లలకి నేల దొరకాలి, పిలిచి ఆడించే మనిషి ఉండాలి. రెండూ పోతే పదేళ్ళలో అంతా పోతుంది.

ఇక్కడ నేలకి కొదవ లేదు. ఫ్రిస్కోలో ఫుట్‌బాల్ స్టేడియముంది, ఆట మ్యూజియం కూడా ఉంది, ఏ పార్కు చూసినా గోలు స్తంభాలే. కానీ క్లబ్బు జట్టులో పిల్లవాణ్ణి ఆడించాలంటే ఏడాదికి వేల డాలర్లు. యూనిఫారం వేరే, ప్రయాణాలు వేరే. మనవాళ్ళు కడతారు, కట్టగలరు. మా అబ్బాయి ఉండే చోటికి రెండు వీధుల అవతల అపార్ట్‌మెంట్లున్నాయి. హోండురాస్ నుంచి, మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు కార్ల మధ్య ఆడుతుంటారు. గాలి సగం పోయిన బంతి. వాళ్ళలో ఒక పొట్టివాడున్నాడు, చెప్పుల్లేకుండా ఆడతాడు, రెండు కాళ్ళూ ఒకేలా వాడతాడు. వాణ్ణి చూసినప్పుడల్లా రహీం సాబ్ కంట్లో పడి ఉంటే అనుకుంటాను. అదే వేళకి మా మనవడు ఫీజు కట్టిన మైదానంలో నీళ్ళ సీసా మర్చిపోయానని ఏడుస్తుంటాడు. వాణ్ణేమీ అనకండి, మంచివాడు.

అందుకని సభని ఒకటి అడుగుతున్నాను. మన సంఘానికి ఆదివారం క్రికెట్ ఆడుకునే మైదానం ఉంది. 2024 క్రికెట్ టీ20 ప్రపంచ కప్పులో, ఇక్కడి గ్రాండ్ ప్రైరీలో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించినప్పుడు మీలో సగంమంది అక్కడే ఉన్నారు, క్రికెట్ మీద నాకేం కోపం లేదు. జూన్‌లో ఒక్క ఆదివారం ఇవ్వండి. డల్లాస్‌లో ఆట లేని రోజు చూసి పెడదాం. పదేళ్ళలోపు పిల్లలు, ఎడమకాలి టోర్నమెంటు. ఎడమకాలి వాటం పిల్లలకి కుడికాలు, వాళ్ళు తప్పించుకోవడానికి లేదు. ఫీజు లేదు. ఆ అపార్ట్‌మెంట్ల పిల్లల్నీ పిలవాలి. తెలుగు పిల్లల జట్టు, వాళ్ళ జట్టు అని విడదీస్తే నేను రాను, కలిపే జట్లు చెయ్యాలి. కప్పు మీద రహీం సాబ్ పేరు ఉండాలి, కింద హైదరాబాద్ అని ఉండాలి.

వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని యూట్యూబ్ చూస్తున్న తాతలు మనలో చాలామంది ఉన్నారు. అయ్యా, మీరంతా రిఫరీలు. నియమాలు నేను నేర్పుతాను. ఆఫ్‌సైడ్ పెట్టడం లేదు, భయపడకండి. అమ్మమ్మలకి కూడా పని ఉంది, కుడికాలితో తన్నినవాణ్ణి పట్టుకోవాలి, అది మీకంటే బాగా ఎవరూ చెయ్యలేరు.

మైదానం అధ్యక్షులవారు ఇవ్వాలి. ఇప్పుడే తల ఊపారు, అందరూ చూశారు కదా? మంచినీళ్ళకీ బంతులకీ ఇద్దరు ముందుకొచ్చారు. కప్పు ఖర్చు నాది. ఆ అపార్ట్‌మెంట్లకి నాతో వచ్చి మాట్లాడటానికి స్పానిష్ వచ్చినవాళ్ళు ఒకరు కావాలి, హైస్కూల్లో చదువుకుంటున్న పిల్లలెవరైనా సరే. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. భోజనాల దగ్గర పెరుగన్నం పెట్టేచోట నిలబడతాను, అక్కడికి రానివాళ్ళుండరు. పిల్లల పేరు, వయసు, ఏ కాలు బలమో రాయించి వెళ్ళండి. నమస్కారం.