షట్టర్ స్ప్రింగులు మార్చాలా, మోటారు పెట్టించాలా?

నమస్కారం. ఈసారి రివ్యూ ఫోనుకో మిక్సీకో కాదు, దుకాణం షట్టర్‌లో కొత్తగా వేసిన స్ప్రింగులకు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక విత్తనాల దుకాణంలో ఉన్నాను. షట్టర్ లేపలేక నడుము పడిపోతోందని యజమాని ముందు మోటారు పెట్టిద్దామనుకున్నారట. తొందరపడకండి. షట్టర్ బరువు మోసేది స్ప్రింగే. అది సడలిపోయాక పక్కన మోటారు బిగిస్తే ఆ భారమంతా దాని మీద పడి, అదీ మొరాయిస్తుంది.

అలాగని ప్రతిసారీ నేరం స్ప్రింగుదే కాదు. షట్టర్ అంచులు జారే ఈ పక్క గాడిలోకి, అంటే గైడ్ చానల్‌లోకి, కెమెరా పెడతాను, చూడండి. దూది పీచు, మిరప దుమ్ము, ఎప్పటిదో గ్రీజు కలిసి నల్లటి ముద్ద కట్టాయి. 2023 జూలై నాటి లాంటి వరద వస్తే ఒండ్రు కూడా ఇక్కడే పేరుకుంటుంది. ముందు దీన్ని గీకి, తుడిచి, సిలికాన్ స్ప్రే కొట్టండి. దయచేసి వాడేసిన ఇంజన్ ఆయిల్ మాత్రం పోయకండి!

ఇక పరీక్ష. షట్టర్‌ను నడుము ఎత్తు వరకు లేపి, కాళ్లు దూరంగా పెట్టి, మెల్లగా చేయి సడలించండి. అక్కడే నిలిస్తే స్ప్రింగు బాగున్నట్టు. కిందికి జారితే సడలినట్టు. పైకి దూసుకుపోతే బిగువు ఎక్కువైనట్టు.

ఇళ్లలో గ్యారేజీ తలుపులకు వాడే టార్షన్ స్ప్రింగులకు, అంటే మెలితిప్పితే బిగువెక్కే స్ప్రింగులకు, సాధారణంగా 10,000 సార్ల ఆయుష్షు చెబుతారు. తెరిచి మూస్తే ఒకటి. షట్టర్ స్ప్రింగు వేరే రకమే అయినా, మధ్యాహ్నం భోజనానికి కూడా దించే దుకాణంలో అరుగుదల రెట్టింపే కదా.

మార్చే పని మాత్రం మెకానిక్‌దే. షట్టర్ పైకి చుట్టేసినా స్ప్రింగులో బిగువు పూర్తిగా పోదు. అందుకే ఈయన పైపు రెంచితో పట్టి ఒక్కో చుట్టే వదులుతున్నారు, అటు చివర ఇంకొకరు కాసుకున్నారు. పట్టు తప్పితే రెంచి గిర్రున తిరిగి ముఖం పగులుతుంది. ఒకటే విరిగినా అన్నీ ఒకేసారి మార్పించండి. అలసిన పాతది పక్కనుంటే త్వరలోనే మళ్లీ పిలవాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒంటిచేత్తో లేస్తోంది, మోటారు అవసరమే లేదు. ఒక్క లోపం, చివరి జానెడు దూరం విసురుగా పోతోంది. అర చుట్టు వదలమన్నాను, వదులుతున్నారు. మీరు కూడా డబ్బులిచ్చే ముందే నాలుగైదుసార్లు స్వయంగా ఎత్తి దించి చూసుకోండి.