రేకు గొంతుకు నిండుదనం

శ్రోతలకు నమస్కారం.

పోయిన సంక్రాంతికి మా అమ్మ పాడిన మంగళహారతిని ఫోన్లో రికార్డు చేశాను. పాడించింది వంటింట్లో. నేలంతా టైల్స్, సగం గోడలకూ టైల్సే, గట్టేమో గ్రానైటు. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, అమ్మ గొంతు రేకు డబ్బాలోంచి వస్తోంది. "శ్రీ" అన్నప్పుడల్లా, "స్వామి" అన్నప్పుడల్లా చెవిలో సర్రుమని ఒక గీత.

మన చెవికి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. అందులో 2,000, 5,000 మధ్య మరీ చురుకు. స, శ, ష ల బుస దాదాపుగా దానికి కాస్త పైన ఉంటుంది. నున్నటి గోడలు ఆ శబ్దాలను పీల్చుకోవు, తిప్పికొడతాయి. పరుపూ దుప్పట్లూ ఉన్న గదిలో పాడించి ఉంటే సగం పని తప్పేది. ఆ సంగతి తర్వాత తట్టింది లెండి.

రికార్డింగులను సరిదిద్దే ఆడాసిటీ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. 2000 సంవత్సరంలో వచ్చింది, ఉచితం. ముందు రికార్డింగ్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టాను. ఎఫెక్ట్స్‌లో ఫిల్టర్ కర్వ్ ఈక్యూ తెరిస్తే అడ్డంగా ఒక గీత కనపడుతుంది. ఎడమవైపు మంద్రం, కుడివైపు తారం. గీతను పైకి లాగితే అక్కడి శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది.

నిండుగా రావాలని నేను ముందు 200 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పెంచేశాను. అమ్మ గొంతుతో పాటు ఫ్రిజ్ హోరు కూడా లేచింది! అది రద్దు చేసి, ఈసారి 3,000 దగ్గర కొంచెం, 6,000 పైన 8 డెసిబెల్స్ తగ్గించాను. ఏమీ పెంచకుండానే గొంతు కిందికి దిగి కూర్చుంది. సౌండ్ ఇంజనీర్లు ఇలాంటి మెత్తటి గొంతునే వార్మ్ అంటారు.

పాత మీడియం వేవ్ రేడియోలో గొంతులు మెత్తగా ఉండేవని అంటుంటాం కదా. అందులో పై శబ్దాలు చాలావరకు తెగిపోయేవి. ఎఫ్ఎంలో అయితే 15,000 హెర్ట్జ్ దాకా వస్తాయి.

అమ్మకు వినిపించాను. "ఏంట్రా, జలుబు చేసినదానిలా ఉన్నాను? శ్రీ అన్నానో రీ అన్నానో తెలియట్లేదు" అంది.

కాపీ మళ్ళీ తెరిచి, 8ని 3 చేశాను. ఈసారి అమ్మ ఏమీ అనలేదు, రెండో చరణం దగ్గర తనూ గొంతు కలిపింది.