అంకె వెనక ఏముందో అడిగే చదువు

అందరికీ నమస్కారం. బయోమెడికల్ సైన్స్ డిగ్రీలో కొత్తగా చేరిన విద్యార్థులతోనూ, వెంట వచ్చిన తల్లిదండ్రులతోనూ కాసేపు మాట్లాడమన్నారు. ముందుగా ఒక విషయం దాపరికం లేకుండా అనుకుందాం. మీలో కొందరు మెడిసిన్‌లో సీటు రాక ఇటు వచ్చారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఈ డిగ్రీ పూర్తయ్యాక మీరు డాక్టర్లు కారు. ఆ సంగతి మొదటి రోజే మనసుకు చెప్పుకుంటే, ఇక్కడ దొరికేది ఏమిటో కళ్లకు కనబడుతుంది. మూడు నాలుగేళ్లూ వేరే గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాళ్లకు అది కనబడదు.

మరి ఇక్కడ దొరికేదేమిటి? ఎదురుగా ఉన్న మనిషికి ఇప్పుడు ఏం చేయాలన్నది డాక్టర్ ముందుండే ప్రశ్న. ఒంట్లో అసలు ఏం జరుగుతోంది, ఆ సంగతి మనకెలా తెలిసింది, తెలిసిందనుకున్నది ఎంతవరకు నమ్మొచ్చు అన్నవి మన ప్రశ్నలు. ఈ మూడోది అడగడం నేర్పడమే ఈ డిగ్రీ చేసే అసలు పని అని నా అభిప్రాయం.

ఒక రక్తపరీక్ష రిపోర్టు తీసుకుందాం. పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉంటుంది. ఈ రిపోర్టులో 8.5 అని ఉంది. ఆ అంకె నిజమైతే గుండె లయ ఏ క్షణాన్నయినా తప్పొచ్చు. కాల్షియం చూస్తే ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. అదీ నిజమైతే కండరాలు బిగుసుకుపోవాలి. ఆ మనిషేమో కుర్చీలో కూర్చుని హాయిగా కబుర్లు చెబుతున్నాడు. మెషీన్‌లో లోపం లేదు, దాని ముందున్న ద్రవంలో ఉన్నదే అది కొలిచింది. అయితే ఏం జరిగింది?

జవాబు ట్యూబ్‌లో ఉంది. రక్తకణాల లెక్క కోసం రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న ట్యూబ్‌లోకి తీస్తారు. అందులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టదు. ఆ ట్యూబ్‌లో వాడేది ఈడీటీఏ పొటాషియం లవణం. ఎవరో తొందరలో ఆ ట్యూబ్‌లోని రక్తాన్ని కొంచెం పొటాషియం చూడాల్సిన ట్యూబ్‌లోకి వంపారు. దాంతో పొటాషియం పెరిగింది, కాల్షియం పడిపోయింది. అనుమానం తీరాలంటే అదే శాంపిల్‌లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చూడొచ్చు. అది పనిచేయాలంటే జింక్, మెగ్నీషియం కావాలి. ఈడీటీఏ వాటినీ వదలదు కాబట్టి ఆ రీడింగ్ కూడా తగ్గే ఉంటుంది. మూడు అంకెలూ కలిపి చదివితే కథంతా బయటపడుతుంది. మళ్లీ రక్తం తీసి, సరైన ట్యూబ్‌లో పోసి పరీక్షించడమే మిగిలిన పని. ఆలోపు ఎవరైనా పొటాషియం తగ్గించే మందు ఇచ్చి ఉంటే? ఆరోగ్యంగా ఉన్న మనిషి ప్రమాదంలో పడేవాడు.

ఈ చిన్న చిక్కు విప్పడానికి మనకు ఏమేం కావాల్సి వచ్చిందో చూడండి. లోహపు అయాన్లను ఒక అణువు ఎలా పట్టుకుంటుందో చెప్పే కెమిస్ట్రీ, గుండె కణాల్లో విద్యుత్తు ఎలా పుడుతుందో చెప్పే ఫిజియాలజీ, ఎంజైమ్‌కు లోహం ఎందుకు కావాలో చెప్పే బయోకెమిస్ట్రీ. ఫస్టియర్‌లో చాలామంది అడిగే మాట ఒకటుంది: "బయాలజీ కోసం వస్తే మళ్లీ ఈ కెమిస్ట్రీ ఏంటి సార్?" దానికి నా జవాబు ఆ రిపోర్టే.

సిలబస్ గురించి ఎక్కువ చెప్పను, అది మీ చేతిలోనే ఉంది. మొదట్లో కణశాస్త్రం, జన్యుశాస్త్రం, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్. తర్వాత మైక్రోబయాలజీ, ఇమ్యునాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ. చివర్లో ప్రాజెక్టు. పేర్లూ వరుసా యూనివర్సిటీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

ఎలా చదవాలన్నదే ముఖ్యం. కణం గ్లూకోజ్‌ను విడగొట్టి శక్తి తీసుకునే గ్లైకాలసిస్‌లో పది మెట్లు ఉంటాయి. పరీక్ష ముందు రాత్రి టెన్షన్‌తో బట్టీ పడితే పొద్దున రాసేస్తారు, వారానికి మర్చిపోతారు. దాన్ని ఒక ఎర్రరక్తకణంలో పెట్టి చూడండి. మిగతా కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఆ కణంలో ఉండవు. అందుకని శక్తి కోసం అది పూర్తిగా గ్లైకాలసిస్ మీదే బతుకుతుంది. ఒంట్లోంచి బయటికి తీసినా ఆ పని ఆపదు. శాంపిల్ బల్ల మీద ఊరికే పడి ఉన్నంతసేపూ కణాలు అందులోని గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. అంటే షుగర్ ఎక్కువున్న మనిషికి రిపోర్టులో తక్కువ కనబడే వీలుంది. అందుకే గ్లూకోజ్ పరీక్షకు వాడే ట్యూబ్‌లో ఫ్లోరైడ్ వేస్తారు. అది ఆ పది మెట్లలో తొమ్మిదోదైన ఈనోలేజ్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అడ్డుకోవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, ఫ్లోరైడ్ ఉన్నా శాంపిల్‌ను తొందరగా ల్యాబ్‌కు చేర్చాల్సిందే. ఇంత తెలిశాక ఈనోలేజ్‌ను ఎవరు మర్చిపోతారు? ప్రతి పాఠానికీ ఇలాంటి ఒక చోటు వెతుక్కోండి. పాఠంలో దొరక్కపోతే మమ్మల్ని నిలదీయండి, చెప్పడం మా బాధ్యత.

ఇక ల్యాబ్. మొదటి వారంలో మీ చేతికి మైక్రోపిపెట్ ఇస్తాం. చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. బొటనవేలితో నొక్కితే ఒకచోట ఆగుతుంది, గట్టిగా నొక్కితే ఇంకాస్త కిందికి దిగుతుంది. ద్రవాన్ని తీసుకునేటప్పుడు మొదటి ఆగుడు దాకానే నొక్కాలి, వదిలేటప్పుడు రెండోదాకా నొక్కాలి. తీసుకునేటప్పుడే రెండోదాకా నొక్కితే కావాల్సిన దానికంటే ఎక్కువ లోపలికి వస్తుంది, పైకి ఏ తేడా కనబడదు. మీ చెయ్యి ఎంత నికరమో తెలుసుకోవాలంటే వెయ్యి మైక్రోలీటర్ల నీళ్లు తీసి త్రాసు మీద వదలండి. దాదాపు ఒక గ్రాము తూగాలి. పదిసార్లు చేసి ఆ పది అంకెలూ రాసుకోండి, ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. స్టాటిస్టిక్స్‌లో స్టాండర్డ్ డీవియేషన్ గురించి చెప్పేసరికి అది మీ వేళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

కంట్రోల్ గురించి, అంటే ఫలితాన్ని నమ్మొచ్చో లేదో తేల్చడానికి పక్కనే నడిపే పోలిక పరీక్ష గురించి కూడా చెప్పాలి. డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసే పద్ధతి పీసీఆర్. అందులో ఒక్కో సైకిల్‌కు డీఎన్‌ఏ రెట్టింపవుతుంది. అన్నీ సరిగ్గా జరిగితే 30 సైకిళ్లకు ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. ఆ బలమే దాని బలహీనత కూడా. ఎక్కడి నుంచో కంటికి కనబడనంత డీఎన్‌ఏ వచ్చి పడినా అదీ అలాగే పెరుగుతుంది. అందుకే ఒక ట్యూబ్‌లో డీఎన్‌ఏ వేయకుండా మిగతావన్నీ వేసి, మిగిలిన ట్యూబులతో పాటే నడుపుతాం. అందులో ఏమీ రాకూడదు. వచ్చిందంటే ఆ రోజు వచ్చిన మిగతా ఫలితాలు ఎంత అందంగా ఉన్నా నమ్మడానికి లేదు. రికార్డులో ఉన్నదున్నట్టు రాయండి. నేను మార్కులు వేసేటప్పుడు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే వచ్చిన ఫలితం కంటే, వచ్చింది ఎందుకలా వచ్చిందో ఆలోచించిన పేరాను వెతుక్కుంటాను.

తేడాగా వచ్చిన ఫలితం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి బయోకెమిస్ట్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పని చాలు. అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే బయోకెమిస్ట్‌తో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫేట్ అంత ఎక్కువ ఉన్నట్టు. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం ఆ రంగు రావాల్సినంత తొందరగా రాలేదు, నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. రసాయనం పాతబడిందనుకుని పారబోయొచ్చు. వాళ్లు పారబోయలేదు. తేలిగ్గా విడిపోయే ఫాస్ఫరస్ పదార్థం ఏదో అందులో ఉండాలని ఊహించి, దాన్ని వెతికి పట్టుకుని 1927లో ప్రకటించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. పరుగు మొదలెట్టిన తొలి సెకన్లలో మీ కండరాలకు శక్తినిచ్చేది అదే. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి మీకూ ఎక్కడో ఒక ప్రాక్టికల్‌లో ఎదురుకావచ్చు. ఎదురైతే ఆ నీలం రంగు వచ్చేదాకా కాస్త ఓపిగ్గా చూడండి.

స్టాటిస్టిక్స్ అంటే చాలామందికి భయం. ఒక్క లెక్క చెబుతాను. వెయ్యి మందిలో ఒకరికే ఉండే జబ్బుకు ఒక పరీక్ష ఉంది. జబ్బున్నవాళ్లలో 99 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 99 శాతం మందికి లేదనే చెబుతుంది. మీకు పాజిటివ్ వచ్చింది. నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? ఎక్కువమంది 99 అంటారు. వెయ్యి మందికీ పరీక్ష చేయండి. జబ్బున్న ఆ ఒక్కరికి పాజిటివ్ వస్తుంది. లేని 999 మందిలో ఒక శాతం, అంటే సుమారు పదిమందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం పదకొండు మందిలో జబ్బున్నది ఒక్కరికే, అంటే తొమ్మిది శాతం. లక్షణాలు లేనివాళ్లందరికీ పరీక్షలు చేసేయాలని ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్క చేసి చూపించగలిగితే, అది సమాజానికి మీరు చేసే మేలు.

మనం పట్టుకునే ప్రతి శాంపిల్ వెనకా ఒక మనిషి ఉన్నారని కూడా గుర్తుండాలి. ప్రపంచమంతటా ల్యాబుల్లో పెంచి వాడే హీలా కణాలు 1951లో హెన్రియెటా లాక్స్ అనే క్యాన్సర్ రోగి నుంచి తీసినవి. పరిశోధనకు వాడతామని ఆమెను అడగలేదు. ఎథిక్స్ క్లాసు మార్కులకోసం పెట్టింది కాదని అందుకే అంటాను.

డిగ్రీ తర్వాత దారులు చాలా ఉన్నాయి: పరిశోధన, ఆస్పత్రి ల్యాబులు, మందుల తయారీ, క్లినికల్ ట్రయల్స్, సైన్స్ రచన. ఒక్క జాగ్రత్త. ఆస్పత్రి ల్యాబులో రోగుల శాంపిళ్లు చూడాలంటే చాలా దేశాల్లో ప్రత్యేక గుర్తింపో, రిజిస్ట్రేషనో కావాలి. మీ కోర్సుకు ఆ గుర్తింపు ఉందో లేదో ఫస్టియర్‌లోనే అడిగి తెలుసుకోండి.

చివరి ఏడాది ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు పేరు గొప్పగా ఉందని వెళ్లొద్దు. గైడ్ దగ్గరికెళ్లి మూడు అడగండి. రోజూ పక్కన నిలబడి పని నేర్పేది ఎవరు? ఇందులో కంట్రోల్ ఏమిటి? అనుకున్నది రాకపోతే నేనేం రాయాలి? మూడో ప్రశ్నకు "అప్పుడు చూద్దాంలే" అన్నారనుకోండి, ఇంకో గైడ్‌ని కూడా కలిసి రండి. "రాకపోతే మనం అనుకున్నది తప్పని తేలుతుంది, అది కూడా రాయదగ్గదే" అంటే మాత్రం ఆ ల్యాబులో చేరిపోండి.