యేల్ ఆర్ట్ గ్యాలరీ రివ్యూ: ఒక్క బొమ్మ ముందు పదిహేను నిమిషాలు

హాయ్ అందరికీ! ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో కోసం గ్యాలరీ వాళ్ల దగ్గర నేనేమీ తీసుకోలేదు. అక్కడ ఎంట్రీ ఎవరికైనా ఫ్రీయే. నా కాళ్లకున్న బూట్లు మాత్రం ఒక కంపెనీ ఉచితంగా పంపింది. రోజంతా తిరిగే చోటికి వేసుకెళ్లి ఎలా ఉన్నాయో చెప్పమన్నారు. వేసుకెళ్లాను. కాకపోతే ఈసారి నేను తిరిగింది తక్కువ, నిలబడింది ఎక్కువ. నిలబడటానికి హాయిగా ఉన్నాయి. బూట్ల సంగతి అంతే.

ఇక యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీ, అమెరికాలోని న్యూ హేవెన్‌లో ఉంది. టైమింగ్స్, ఏ ఫ్లోర్‌లో ఏముంది, ఇవన్నీ మీరు ఈపాటికి గ్యాలరీ వెబ్‌సైట్‌లో చూసే ఉంటారు, మళ్లీ చదవను. సోమవారం సెలవు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. 1832లో మొదలైన గ్యాలరీ ఇది. జాన్ ట్రంబుల్ అనే చిత్రకారుడు వందకు పైగా బొమ్మలు యూనివర్సిటీకి ఇచ్చేసి, బదులుగా బతికున్నన్నాళ్లూ ఏడాదికి 1,000 డాలర్లు ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నాడు. ఆయన సమాధి కూడా ఈ గ్యాలరీ కిందే ఉంది. తన బొమ్మల్ని వదిలి ఉండలేకపోయాడేమో అనిపించింది నాకు.

లోపలికి వెళ్లగానే ఒకసారి తల పైకెత్తండి. 1953లో లూయీ కాన్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన భవనం, కాంక్రీట్ సీలింగ్ అంతా త్రికోణాలే. కరెంటు వైర్లు, గాలి గొట్టాలు అన్నీ ఆ త్రికోణాల లోపలి నుంచే వెళ్తాయి. మెట్లు చూడండి, గుండ్రటి కాంక్రీట్ గోడ లోపల త్రికోణంలో తిరుగుతూ పైకి వెళ్తాయి. ఆ మెట్ల దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

కానీ ఈ వీడియో అసలు ఇక్కడున్న ఒక్క బొమ్మ గురించి, వాన్ గో అనే చిత్రకారుడు గీసిన "నైట్ కెఫే". కొన్నేళ్ల క్రితం ఒక పేరున్న పెద్ద మ్యూజియానికి వెళ్లాను. నాలుగు గంటలు నడిచాను, ప్రతి బొమ్మకీ ఫోటో తీశాను. ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తులేదు. డబ్బు పెట్టి టికెట్ కొన్నాం కదా, ఏదీ వదలకూడదనే టెన్షన్. జనం వెనక నుంచి నెట్టుకొస్తుంటే ఏ బొమ్మ ముందైనా పది సెకన్లు నిలబడటమే గగనం. అందుకే ఈసారి ఒకే బొమ్మ అనుకుని వెళ్లాను.

ఈ ఆలోచన నాకు యేల్ మెడికల్ స్టూడెంట్స్ నుంచి వచ్చింది. ఈ గ్యాలరీకి ఎదురుగానే, రోడ్డుకి అవతల, యేల్ సెంటర్ ఫర్ బ్రిటిష్ ఆర్ట్ ఉంది. కాబోయే డాక్టర్లను అక్కడ ఒక్కో బొమ్మ ముందు పది పదిహేను నిమిషాలు నిలబెడతారు. కంటికి కనిపించింది కనిపించినట్టు చెప్పాలి, అర్థం తర్వాత సంగతి. రేపు రోగిని కూడా అలాగే గమనించాలి కదా! ఈ శిక్షణ తీసుకున్నవాళ్లు గమనించడంలో మెరుగయ్యారని 2001లో పేరున్న వైద్య పత్రికలో ఫలితాలు కూడా వచ్చాయి. యూనివర్సిటీలో బొమ్మలు ఎందుకుండాలి అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

నేనూ ఫోన్ లోపల పెట్టేసి నిలబడ్డాను. మొదట ఎర్ర గోడలు, ఆకుపచ్చ సీలింగ్, మధ్యలో బిలియర్డ్స్ టేబుల్. రెండు నిమిషాలకే అయిపోయింది అనిపించింది, కాళ్లు కదలబోయాయి. ఆపుకున్నాను. అప్పుడు గడియారం కనిపించింది, పన్నెండూ పావు. గోడల వెంబడి టేబుళ్ల మీద వాలిపోయిన మనుషులు, ఇంత రాత్రివేళ ఇంటికి ఎందుకు వెళ్లలేదో! టేబుల్ పక్కన నిలబడిన మనిషి తెల్లబట్టలు వేసుకున్నాడనుకున్నాను. కాసేపు చూస్తే ఆ తెలుపు తెలుపు కాదు, అందులో పసుపు, లేత ఆకుపచ్చ ఉన్నాయి. దీపాల చుట్టూ రంగు ఎంత మందంగా ఉందో ఫోన్ స్క్రీన్‌లో మీకు కనిపించదు. 72 బై 92 సెంటీమీటర్ల బొమ్మ, పెద్దదేమీ కాదు. దీనికోసం 1888లో వాన్ గో మూడు రాత్రులు మేలుకుని, పగళ్లు పడుకున్నాడట. నిద్రలేని కళ్లతో చూసిన గది అది. నేల మన మీదికి ఒరిగినట్టు ఉంటుంది. పదో నిమిషంలో నాకు నిజంగా గుండె బరువెక్కింది.

ఈ బొమ్మ ఒకప్పుడు రష్యాలో మొరొజొవ్ అనే వ్యాపారి దగ్గర ఉండేది. విప్లవం తర్వాత ప్రభుత్వం తీసుకుంది, తర్వాత అమ్మేసింది. కొన్న స్టీఫెన్ క్లార్క్ యేల్‌లో చదువుకున్నవాడే, 1961లో ఆయన వీలునామా ద్వారా బొమ్మ ఇక్కడికి వచ్చింది. మొరొజొవ్ వారసుడు కోర్టుకెళ్లినా బొమ్మ యేల్‌కే మిగిలింది. ఆ కుటుంబం బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఎవరైనా ఊరికే వచ్చి చూడగలిగే చోట ఉన్నందుకు సంతోషంగానే ఉంది.

నా రేటింగ్ అడిగితే, పదికి పది. మిగతా ఫ్లోర్లు చూడకుండానే ఇస్తున్నా, కామెంట్లలో తిట్టినా మార్చను. బొమ్మలు అప్పుడప్పుడు బయట ఎగ్జిబిషన్లకు వెళ్తుంటాయి, కాబట్టి వెళ్లేముందు అది గోడ మీద ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి. పద్నాలుగో నిమిషంలో నాకు వెనక కౌంటర్ మీద సీసాల మధ్య గులాబీ రంగు పూలగుత్తి ఒకటి కనిపించింది. అంత రాత్రి, అలాంటి గదిలో! మీకు ఎన్నో నిమిషంలో కనిపించిందో వచ్చి కింద రాయండి.